ఏ టెస్ట్ వేయాలి? దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి

డేటా అంతా చేతికొచ్చి, థీసిస్ గడువు నెత్తి మీదికి వచ్చాక చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి ఏ స్టాటిస్టికల్ టెస్ట్ వేయాలి?" నిజానికి అప్పటికే జవాబు చాలావరకు తేలిపోయి ఉంటుంది. మనుషుల్ని ఎలా ఎంచుకున్నారు, ఒక్కొక్కరిని ఎన్నిసార్లు కొలిచారు, కొలిచినది అంకెగా ఉందా, ర్యాంకుగా ఉందా, ఉత్త పేరుగా ఉందా అన్నవి తెలిస్తే టెస్ట్ పేరు దానంతట అదే వస్తుంది. వీటిలో పొరపాటు జరిగితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు. అందుకే ఈ పోలికల్ని టెస్టుల దగ్గర కాకుండా మొదటి నుంచి చూద్దాం.

చర్చ గాల్లో తేలకుండా ఒక ప్రశ్నను వెంటబెట్టుకుందాం: పడుకునే ముందు ఫోన్ చూస్తే నిద్ర ఆలస్యంగా పడుతుందా? ఈ ప్రశ్న చుట్టూ నేను ఇచ్చే చిన్న చిన్న అంకెలు లెక్క అర్థం కావడానికి కల్పించినవి.

అంకెలా, మాటలా

"ఎంతమంది, ఎంతసేపు, ఎంత తేడా" అనేది మీ ప్రశ్న అయితే పరిమాణాత్మక పద్ధతి. "ఎందుకు చూస్తున్నారు, చూడకపోతే ఏమనిపిస్తుంది" అయితే గుణాత్మక పద్ధతి, అంటే ఇంటర్వ్యూలు, బృంద చర్చలు, దగ్గరుండి గమనించడం. రెండిట్లో ఏది గొప్పదన్న వాదనలో అర్థం లేదు. అంకెలంటే భయం కాబట్టి ఇంటర్వ్యూలు చేద్దామనుకునేవారికి మాత్రం ఒక హెచ్చరిక: ఒక గంట ఇంటర్వ్యూను అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడానికే కొన్ని గంటలు పడుతుంది. దాన్ని పదేపదే చదివి, కోడ్‌లు పెట్టి, ఇతివృత్తాలు తీయడం ఆ తర్వాతి పని. రెండు సగటుల మధ్య తేడాను తూచే టి టెస్ట్ నేర్చుకోవడమే తేలిక.

ఇంకో సంగతి. పదిహేను మందిని ఇంటర్వ్యూ చేసి "60 శాతం మంది ఒంటరితనం వల్ల ఫోన్ చూస్తున్నారు" అని రాస్తుంటారు. ఆ 60 శాతం అంటే తొమ్మిది మంది. ఇంటర్వ్యూ చేసింది వాళ్ల మాటల్లోని లోతు కోసం. దాన్ని శాతాలుగా మార్చగానే లోతూ పోతుంది, శాతానికి ఉండాల్సిన బలమూ రాదు. అంకెల్నీ మాటల్నీ కలిపే మిశ్రమ పద్ధతి విషయంలోనూ ఇదే జాగ్రత్త. రెండు భాగాల్లో ఒకటి రెండోదానికి ఏం అందిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే తీసుకోండి. ఉదాహరణకు, ముందు ఇంటర్వ్యూలు చేసి, అందులో వచ్చిన కారణాలతో ప్రశ్నావళి తయారు చేయడం మంచి జోడింపు. పేరు బాగుందని మాత్రం తీసుకోవద్దు.

ప్రయోగమా, పరిశీలనా

అన్నిటికంటే పెద్ద ఎంపిక ఇది. పరిశీలనలో జనం ఎలా ఉన్నారో అలాగే కొలుస్తాం: రాత్రి ఫోన్ చూసేవాళ్లు, చూడనివాళ్లు, ఎవరికి ఎప్పుడు నిద్ర పట్టింది. ప్రయోగంలో ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో పరిశోధకుడే నిర్ణయిస్తాడు. అది కూడా తన ఇష్టప్రకారం కాదు, లాటరీ తీసి.

పరిశీలనలో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. ఫోన్ ఎక్కువ చూసేవాళ్లకు నిద్ర ఆలస్యమైందని తేలింది సరే. ఫోన్ వల్ల నిద్ర పట్టలేదా? నిద్ర పట్టక ఫోన్ తీశారా? లేక పరీక్షల టెన్షన్ వల్ల రెండూ జరిగాయా? ఈ మూడో రకం కారణమే అసలు మాయలాడి. రుతువిరతి తర్వాత హార్మోన్ మందులు వాడే స్త్రీలలో గుండె జబ్బు తక్కువని పరిశీలన అధ్యయనాలు ఏళ్ల తరబడి చెప్పాయి. అమెరికాలో 16,608 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో విభజించి చేసిన పెద్ద ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు ఇచ్చిన గుంపులో గుండె జబ్బు తగ్గకపోగా కొంత పెరిగింది, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగింది. అంతకుముందు తమంతట తాము ఆ మందులు వాడినవాళ్లు సగటున కాస్త చదువు, డబ్బు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువ ఉన్నవాళ్లు కావడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం. మందు మొదలుపెట్టిన వయసు గురించి కూడా తర్వాత చాలా చర్చ నడిచింది.

లాటరీ బలం చూడాలంటే 1948లో బ్రిటన్‌లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ ప్రయోగం చూడాలి. క్షయ రోగుల్లో ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది సీల్ వేసిన కవర్లలో ముందే నిర్ణయించి పెట్టారు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. మొత్తం 107 మందే. అయినా ఆ ఫలితం నిలబడింది.

దీని పక్కన 1930లో స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ బడుల్లో జరిగిన పాల ప్రయోగాన్ని పెట్టి చూడండి. పాలు తాగితే పిల్లలు బాగా ఎదుగుతారా అని తేల్చడానికి 20,000 మంది పిల్లల్ని తీసుకున్నారు: 10,000 మందికి రోజూ పాలు, 10,000 మందికి లేవు. విభజన లాటరీతోనో అక్షరక్రమంలోనో జరగాలి. కానీ ఒక గుంపులో బక్కపిల్లలు ఎక్కువైనట్టు అనిపిస్తే టీచర్లు కొందర్ని అటూ ఇటూ మార్చవచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఏం జరిగిందంటే, పాలు ఇవ్వని గుంపులోని పిల్లలు మొదట్లోనే ఎత్తు, బరువు ఎక్కువ ఉన్నారు. పాలు అందాల్సిన బక్కపిల్లల్ని చూసి టీచర్ల మనసు కరిగి ఉంటుందని, 'స్టూడెంట్' అన్న కలం పేరుతో రాసే విలియం గాసెట్ 1931లో విమర్శించాడు. పైగా ఫిబ్రవరిలో, మళ్లీ జూన్‌లో పిల్లల్ని బట్టలతోనే తూచారు. పేదపిల్లలకు చలికాలం బట్టలకూ వేసవి బట్టలకూ అంత తేడా ఉండదు, ఉన్నవాళ్ల పిల్లలకు ఉంటుంది. ఇంత చేసే బదులు 50 జతల సమరూప కవలల్ని తీసుకుని, ఒకరికి పాలిచ్చి ఒకరికి ఇవ్వకుండా ఉంటే ఇంతకంటే నమ్మదగ్గ జవాబు వచ్చేదని గాసెట్ అన్నాడు. ఇరవై వేలకూ వందకూ మధ్య ఎంపిక అది. టీచర్లది దయే, కానీ ప్రయోగానికి అదే గండి కొట్టింది.

మరి ఎప్పుడూ ప్రయోగమే మేలా? చేయగలిగితే మేలే. కానీ మనుషుల చేత సిగరెట్లు తాగించి చూడలేం కదా. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పరిశీలనతోనే చూపించారు, అదీ రెండు దారుల్లో. 1950లో ప్రచురించినది వెనక్కి చూసేది: క్యాన్సర్ వచ్చిన రోగుల్నీ, రానివాళ్లనూ తీసుకుని వారి పాత అలవాట్లు అడిగారు. 1951లో మొదలుపెట్టినది ముందుకు చూసేది: దాదాపు 40,000 మంది బ్రిటిష్ డాక్టర్ల పొగతాగే అలవాటును ముందే రాసుకుని, ఏళ్ల తరబడి వాళ్లకేమవుతుందో చూశారు. మొదటిది త్వరగా అయిపోతుంది, అరుదైన జబ్బులకు అదే గతి. కానీ జనం గతాన్ని గుర్తు తెచ్చుకునే తీరు మీద ఆధారపడాలి. రెండోదానికి ఓపిక, డబ్బు, ఏళ్లు కావాలి, నమ్మకం మాత్రం ఎక్కువ. ఏడాదిలో థీసిస్ ఇవ్వాల్సిన విద్యార్థికి రెండోది కుదరదు. అలాంటప్పుడు ఒకసారి కొలిచే సర్వే చేసి, "సంబంధం కనిపించింది" అని రాసి ఆగిపోవడమే మర్యాద. "ప్రభావం" అన్న మాటను శీర్షికలో పెట్టి, లోపల ఒక్క సర్వే చూపిస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఫోన్ ప్రశ్నకు వస్తే, చిన్న ప్రయోగం పెద్ద కష్టమేమీ కాదు. ఒక వారం ఫోన్ పక్కగదిలో పెట్టేవాళ్లు, మామూలుగా ఉండేవాళ్లు అని లాటరీతో విడదీయవచ్చు. అరవై మందితో చేసినా ఆరువందల మంది సర్వే కంటే "వల్ల" అన్న మాటకు ఎక్కువ హక్కు వస్తుంది.

ఇక్కడే ఒక గందరగోళాన్ని విడదీయాలి. యాదృచ్ఛిక ఎంపిక వేరు, యాదృచ్ఛిక కేటాయింపు వేరు. జనాభాలోంచి మీ అధ్యయనంలోకి ఎవరు రావాలన్నది లాటరీతో తేలితే అది ఎంపిక. అది ఉంటే మీ ఫలితం బయటి జనానికి వర్తిస్తుంది. వచ్చినవాళ్లలో ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది లాటరీతో తేలితే అది కేటాయింపు. అది ఉంటే కారణం గురించి మాట్లాడవచ్చు. సర్వేలకు మొదటిది ముఖ్యం, ప్రయోగాలకు రెండోది ముఖ్యం. స్ట్రెప్టోమైసిన్ రోగులు ఏ జనాభా జాబితాలోంచీ లాటరీలో వచ్చినవాళ్లు కారు. అయినా మందు పనిచేసిందని చెప్పగలిగారు.

ఎవరిని అడగాలి, ఎంతమందిని

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్‌కు 57 శాతం వస్తాయని ప్రకటించింది. చివరికి రూజ్‌వెల్ట్ సుమారు 61 శాతం ఓట్లతో గెలిచాడు. టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి పేర్లు తీసుకోవడం ఒక కారణం. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోన్, కారు ఉన్నవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. పంపినవాళ్లలో నాలుగో వంతు మందే జవాబివ్వడం ఇంకో కారణం. అదే ఏడాది అభిప్రాయ సర్వేలు చేసే జార్జ్ గాలప్ సుమారు 50,000 మందితోనే విజేతను సరిగ్గా చెప్పాడు.

కథ ఇక్కడితో ఆపితే గాలప్ పద్ధతే సరైనదనిపిస్తుంది. అతను వాడింది కోటా పద్ధతి: ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఈ వయసువాళ్లు, ఈ ఆదాయంవాళ్లు అని లెక్క ఇచ్చి, ఆ లెక్కలో ఎవరిని అడగాలో సర్వే చేసేవాళ్లకు వదిలేయడం. 1948లో అదే పద్ధతి బోల్తా పడింది. డ్యూయీ గెలుస్తాడంటే ట్రూమన్ గెలిచాడు. ఎన్నికలకు చాలా ముందే సర్వేలు ఆపేయడం కూడా దానికి తోడైంది. కోటా నిండినా, ఆ కోటాలో తేలిగ్గా దొరికేవాళ్లనే అడుగుతాం అన్నది దీని లోపం. స్తరిత నమూనా చూడ్డానికి కోటాలాగే ఉంటుంది, కానీ ప్రతి వర్గంలోనూ మనుషుల్ని లాటరీ తీసే ఎంచుతారు. ఈ రెండిటి పేర్లూ తారుమారు చేసి రాసిన థీసిస్‌లకు లెక్కలేదు.

పూర్తి జాబితా చేతిలో ఉంటే సాధారణ యాదృచ్ఛిక నమూనా చాలు. జాబితాలో చిన్న వర్గాలు ఉండి, వాటి గురించి విడిగా చెప్పాలనుకుంటే స్తరిత నమూనా మంచిది. జాబితానే లేకపోతే, మనుషులు గుంపులుగా దొరికే చోట, ఉదాహరణకు తరగతి గదుల్లో, గుంపుల్ని లాటరీ తీయండి. ఇది క్లస్టర్ పద్ధతి. ఖర్చు తగ్గుతుంది, కానీ ఒకే గదిలోవాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి అంతే కచ్చితత్వానికి ఎక్కువ మంది కావాలి. దొరికినవాళ్లను అడగడం, ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకోవడం అనే పద్ధతులకు కూడా చోటుంది, బయటికి కనిపించని సమూహాల అధ్యయనంలో ముఖ్యంగా. వాట్సాప్ గ్రూపుల్లో లింక్ పంపి, కింద "యాదృచ్ఛిక నమూనా" అని రాయడమే తప్పు. అది దొరికినవాళ్ల నమూనా. అలాగే రాయండి, ఎవరూ కొట్టరు.

ఎంతమంది అన్నదానికి చాలామంది 385 అని చెబుతారు. ఆ అంకె ఎక్కడిదంటే, 95 శాతం నమ్మకంతో, ఒక శాతాన్ని 5 పాయింట్లు అటూ ఇటూగా అంచనా వేయాలంటే, సాధారణ యాదృచ్ఛిక నమూనాలో అంతమంది కావాలి. జనాభా లక్ష అయినా పది కోట్లు అయినా దాదాపు ఇదే. పొరపాటు హద్దును సగానికి, అంటే 2.5 పాయింట్లకు తగ్గించాలంటే నాలుగు రెట్లు కావాలి: 1,537. అయితే ఈ సూత్రం శాతాలకే. రెండు గుంపుల సగటుల తేడా చూడబోయే ప్రయోగానికి ఈ 385 పనికిరాదు. అక్కడ ఎంత తేడా ఉంటే మీకు ముఖ్యమో ముందు చెప్పి, దానికి పవర్ లెక్క వేయాలి. మామూలుగా 80 శాతం పవర్ పెట్టుకుంటారు. అంటే ఆ తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం పదికి ఎనిమిది.

అసలు సర్వేకు ముందు చిన్న పైలట్ సర్వే చేయడాన్ని గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1930ల చివర్లో బెంగాల్ జనపనార పంట సర్వేల్లో పద్ధతిగా పాటించాడు. ఖర్చెంత, తేడాలెంత అని ముందే తెలుసుకుని నమూనా పరిమాణం నిర్ణయించేవాడు. ఇరవై మందితో ప్రశ్నావళిని ఒకసారి నడిపిస్తే, ఏ ప్రశ్న దగ్గర అందరూ పెన్ను ఆపుతున్నారో కనిపిస్తుంది.

సగటా, మధ్యగతమా

ఏడుగురికి నిద్ర పట్టడానికి పట్టిన నిమిషాలు: 10, 12, 15, 15, 18, 20, 120. సగటు 30. మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా నడిమి అంకె, 15. ఆ ఏడుగురిలో ఆరుగురు 20 నిమిషాల్లోపే నిద్రపోయారు, అయినా సగటు 30 అంటోంది. ఒక్క మనిషి చేసిన పని అది. ఆదాయాలు, ఎదురుచూసిన సమయం, ఆసుపత్రిలో ఉన్న రోజులు ఇలా ఒకవైపు తోకలాగే డేటాకు మధ్యగతం, దాంతోపాటు చతుర్థక వ్యాప్తి (మధ్యలోని సగం మంది పరుచుకున్న వెడల్పు) ఇవ్వండి. రెండువైపులా సమంగా ఉంటే సగటు, ప్రామాణిక విచలనం. అనుమానం ఉంటే రెండూ ఇవ్వండి; రెండిటి మధ్య దూరమే చదివేవారికి ఒక సమాచారం. 120ని "తప్పు అంకె" అని మాత్రం చెరిపేయకండి. అది టైపింగ్ పొరపాటని తేలితేనే తీయాలి. ఆ మనిషికి నిజంగానే నిద్రలేమి ఉండొచ్చు.

ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా అన్న ఎంపికలో కొంత కక్కుర్తి కూడా ఉంటుంది. మొదటిది మనుషుల మధ్య తేడా ఎంతో చెబుతుంది, రెండోది మీ సగటు ఎంత కచ్చితమో చెబుతుంది. విచలనం 12, మనుషులు 36 అయితే దోషం 2. 144 మంది అయితే 1. దోషం ఎప్పుడూ చిన్నగా ఉంటుంది కాబట్టి గ్రాఫులు చక్కగా కనిపించడానికి దాన్నే గీస్తుంటారు. డేటాను వర్ణిస్తుంటే విచలనం రాయండి. సగటు గురించి చెబుతుంటే దోషం కంటే 95 శాతం విశ్వాస అవధి, అంటే అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు, మేలు.

"పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఉండే లైకర్ట్ ప్రశ్నలకు సగటు తీయొచ్చా? దీని మీద గొడవ ఇప్పటికీ తెగలేదు. నేను పాటించేది ఇది: ఒక్కో ప్రశ్నకైతే శాతాలు, మధ్యగతం. ఒకే విషయాన్ని కొలిచే ఎనిమిది పది ప్రశ్నల మార్కులు కలిపి స్కోరు చేస్తే దానికి సగటు. స్త్రీ 1, పురుషుడు 2 అని కోడ్ పెట్టి, "సగటు లింగం 1.47" అని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను పట్టికలో వదిలేసేవాళ్లు కూడా ఉంటారు, జాగ్రత్త.

ఇప్పుడు టెస్ట్

రెండు గుంపులు విడివిడి మనుషులా, లేక అదే మనుషుల్ని రెండుసార్లు కొలిచారా? ఈ ఒక్క ప్రశ్న ఎంత తేడా తెస్తుందో చూడండి. ఐదుగురికి ఫోన్ చూసే వారంలో నిద్ర పట్టడానికి సగటున పట్టిన నిమిషాలు 30, 45, 60, 20, 75. ఫోన్ పక్కన పెట్టిన వారంలో అదే వరుసలో 25, 41, 54, 16, 69. సగటులు 46, 41, తేడా 5.

వీళ్లను పది మంది వేర్వేరు మనుషులుగా భావించి స్వతంత్ర టి టెస్ట్ వేస్తే టి విలువ (తేడా దాని ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో చెప్పేది) 0.36. తేడా ఏమీ కనిపించదు. జత టి టెస్ట్ వేస్తే ఒక్కొక్కరి తేడాలు 5, 4, 6, 4, 6. టి విలువ 11.2, పి విలువ (దీని అర్థం కింద వస్తుంది; చిన్నదైతే తేడా ఉత్త యాదృచ్ఛికం కాదనడానికి బలం ఎక్కువ) 0.001 కంటే తక్కువ. అంకెలు అవే. మొదటి లెక్కలో 20 నిమిషాల మనిషికీ 75 నిమిషాల మనిషికీ ఉన్న అంతరం ఈ 5 నిమిషాల తేడాను మింగేసింది. రెండో లెక్కలో ప్రతి మనిషినీ తనతోనే పోల్చాం. గాసెట్ కవలలైతే మేలన్నది ఇందుకే. అయితే తిరకాసు ఒకటుంది: అందరికీ ఫోన్ వారమే ముందు వస్తే, రెండో వారం మెరుగుదల అలవాటు వల్ల కావచ్చు, పరీక్షలు అయిపోవడం వల్ల కావచ్చు. కాబట్టి సగం మందికి వారాల వరుస తిప్పాలి, అది కూడా లాటరీతో.

ఇక మిగతావి. విడివిడి గుంపులు రెండు, కొలత అంకె: స్వతంత్ర టి టెస్ట్, అందులోనూ రెండు గుంపుల వ్యాప్తి సమానమని అనుకోని వెల్చ్ రకం. దాన్నే మామూలుగా వాడటం వల్ల నష్టం దాదాపు లేదు. గుంపులు మూడు, అంతకంటే ఎక్కువ అయితే వాటి సగటుల్ని ఒకేసారి పోల్చే అనోవా. మూడు గుంపుల్ని జతలుగా మూడు టి టెస్టులు చేస్తే, ఏ తేడా లేకపోయినా ఏదో ఒకటి తేడా చూపించే అవకాశం 5 శాతం నుంచి సుమారు 14 శాతం దాకా పాకుతుంది. అనోవా తర్వాత ఏ జతలో తేడా ఉందో చూడటానికి ట్యూకీ లాంటి సవరణ వాడాలి. పేర్లు, వర్గాలు మాత్రమే ఉంటే, ఉదాహరణకు ఫోన్ చూస్తారా లేదా, నిద్రమాత్ర వాడతారా లేదా, అప్పుడు కై స్క్వేర్. ఆశించిన సంఖ్య గడుల్లో 5 కంటే తక్కువకు పడిపోతే ఫిషర్ ఎగ్జాక్ట్. రెండూ అంకెలైతే సహసంబంధం, అంటే రెండూ కలిసి ఎంతగా పెరుగుతాయో తగ్గుతాయో చెప్పే అంకె. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని అంచనా వేయాలన్నా, వయసు లాంటి మూడో అంశాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నా రిగ్రెషన్. సహసంబంధం లెక్కించే ముందు చుక్కల గ్రాఫ్ గీయడం మానొద్దు. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న డేటా సెట్లు చూపించాడు. నాలుగింటికీ సగటులు, వ్యాప్తి, సహసంబంధం దాదాపు ఒకటే, సుమారు 0.816. గీస్తే ఒకటి చెదిరిన సరళరేఖ, ఒకటి వంపు, ఒకటి ఒక్క చుక్క పక్కకు లాగిన గీత, ఒకటి ఒకే ఒక్క చుక్క మీద నిలబడిన సంబంధం.

మామూలు టెస్టులా, అసలు అంకెల బదులు వాటి వరుస స్థానాల్ని వాడే ర్యాంకు టెస్టులా అన్నది ఇంకో చిరకాల ప్రశ్న. స్వతంత్ర టి కి బదులు మాన్ విట్నీ, జత టి కి బదులు విల్‌కాక్సన్, అనోవాకు బదులు క్రస్కల్ వాలిస్, మామూలు (పియర్సన్) సహసంబంధానికి బదులు స్పియర్‌మన్. నమూనా చిన్నదై, డేటా బాగా ఒకవైపు ఒరిగి ఉంటే, లేదా అసలు డేటానే ర్యాంకులైతే వీటిని తీసుకోండి. నమూనా ఓ మోస్తరు పెద్దదైతే టి టెస్ట్ చిన్నపాటి వంకరల్ని తట్టుకుంటుంది. డేటా నార్మల్ (గంట ఆకారంలో రెండువైపులా సమంగా) అవునా కాదా తేల్చడానికి షాపిరో విల్క్ టెస్ట్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు. పది మంది ఉంటే అది వంకరను పట్టుకోలేదు, వేల మంది ఉంటే పట్టించుకోనక్కర్లేని వంకరకూ ఎర్రజెండా ఊపుతుంది. హిస్టోగ్రామ్ గీసి కళ్లతో చూడండి. మాన్ విట్నీ మధ్యగతాల్ని పోలుస్తుందని చాలాచోట్ల రాస్తారు. రెండు గుంపుల పంపిణీ ఆకారం ఒకేలా ఉన్నప్పుడే ఆ మాట నిజం.

పి విలువా, తేడా ఎంతనా

పి విలువ అంటే, నిజంగా ఏ తేడా లేదనుకుంటే, ఇంత తేడాగానీ ఇంతకంటే ఎక్కువగానీ కనిపించే సంభావ్యత. మీ పరికల్పన తప్పయ్యే సంభావ్యత కాదు. పి విలువ 0.05 లోపు ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలనే 5 శాతం గీత, గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో సౌకర్యం కోసం సూచించినది. ప్రకృతిలో అలాంటి గీత ఏదీ లేదు. 0.049 వస్తే పండగ, 0.051 వస్తే ఏడుపు అన్న తీరు మీద అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన చేసి మరీ హెచ్చరించింది.

పదివేల మంది డేటాలో ఫోన్ గంటలకూ నిద్రకూ సహసంబంధం 0.05 వచ్చిందనుకోండి. పి విలువ 0.001 కంటే చిన్నదే. కానీ ఆ సంబంధం నిద్రలోని తేడాల్లో వివరించేది 0.25 శాతం. నాలుగు వందల్లో ఒక వంతు! మరోవైపు పన్నెండు మందితో చేసిన అధ్యయనంలో 15 నిమిషాల తేడా వచ్చి, పి విలువ 0.09 అయితే "ప్రభావం లేదు" అని రాయకూడదు. ఇంతమందితో తేల్చలేకపోయాం అంతే. ఈ రెండు సందర్భాల్లోనూ పి విలువ దారి తప్పిస్తుంది, విశ్వాస అవధి సరిగ్గా చెబుతుంది. రెండిట్లో ఒక్కటే రాయడానికి చోటుంటే అవధినే రాస్తాను. "తేడా 5 నిమిషాలు, 95 శాతం అవధి 3.8 నుంచి 6.2" అన్నది పై ఐదుగురి జత లెక్కకు వచ్చే వాక్యం. చదివేవాళ్లు దాన్ని చూసి, నాలుగైదు నిమిషాల కోసం ఫోన్ వదులుకోవాలా అని వాళ్లే తేల్చుకుంటారు.

ఇంకో ఉచ్చు ఉంది. ఇరవై టెస్టులు వేస్తే, ఏదీ నిజం కాకపోయినా, కనీసం ఒకదానికి పి విలువ 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. వచ్చిన ఆ ఒక్కదాన్నే పేపర్‌లో పెట్టి, మొదటినుంచీ అదే మా పరికల్పన అన్నట్టు రాసే అలవాటు ఎంత నష్టం చేసిందో 2015లో బయటపడింది. మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాల్ని పరిశోధకులు తిరిగి చేసి చూశారు. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో పి విలువ 0.05 లోపు వచ్చింది, తిరిగి చేస్తే 36 శాతమే. ఈ తగ్గుదలకు కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ ఇది ముఖ్యమైనది. ముందే రాసి పెట్టుకున్న పరికల్పనకు ఒక టెస్ట్, మిగతావన్నీ "అన్వేషణ" అనే విడి శీర్షిక కింద. మీ గైడ్‌కు డేటా రాకముందే ఆ ఒక్క వాక్యం మెయిల్ చేసి ఉంచినా చాలు, తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది.

సాఫ్ట్‌వేర్

ఇది అన్నిటికంటే చిన్న ఎంపిక, కానీ అందరూ దీంతోనే మొదలుపెడతారు. డేటా నమోదుకు ఎక్సెల్ బాగానే ఉంటుంది, విశ్లేషణకు త్వరగా ఇరుకవుతుంది. మాన్ విట్నీకి అందులో నేరుగా బటన్ లేదు. పైగా అది అడగకుండానే కొన్నిటిని తేదీలుగా మార్చేస్తుంది. సెప్ట్1, మార్చ్1 లాంటి పేర్లున్న మానవ జన్యువుల విషయంలో ఈ బాధ భరించలేక, చివరికి నామకరణ సంఘమే ఆ జన్యువుల పేర్లు మార్చింది. ఎస్‌పీఎస్‌ఎస్ మెనూలతో నడుస్తుంది, డబ్బు కట్టాలి. జామోవీ, జాస్ప్ కూడా మెనూలతోనే నడుస్తాయి, ఉచితం, మామూలు థీసిస్ టెస్టులన్నీ వాటిలో ఉన్నాయి. మొదటిసారి చేసేవాళ్లకు నేను వీటినే చెబుతాను. పరిశోధనలో కొనసాగే ఉద్దేశం ఉంటే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ నేర్చుకోండి. మొదటి నెల విసుగొస్తుంది. ఆ తర్వాత పరీక్షకుడు "ఆ 120 నిమిషాల మనిషిని తీసేసి మళ్లీ చేసి చూపించండి" అంటే, ఒక్క లైను మార్చి స్క్రిప్టు తిరిగి నడిపితే సరిపోతుంది.